విదేశీ మిషన్ ట్రిప్‌కి వెళ్తూ బిడియంతో ఇబ్బంది పడేవాళ్ళకు

సువార్త, సేవ కోసం సంఘం తరఫున వెళ్ళే మిషన్ ట్రిప్‌కి పేరు ఇచ్చినప్పుడున్న ఉత్సాహం, ప్రయాణం దగ్గరపడేకొద్దీ చాలామందిలో గుబులుగా మారుతుంది. తెలియని మనుషుల మధ్య నిలబడాలి. రాని భాషలో పలకరించాలి. ఎవరో ఉన్నట్టుండి "మీ సాక్ష్యం చెప్పండి" (దేవుడు మీ జీవితాన్ని ఎలా మార్చాడో చెప్పండి) అంటారు, అందరూ మనవైపే చూస్తుంటారు, గొంతు పెగలదు. సొంత సంఘంలోనే మైకు ముందుకు రాని నేను అక్కడికెళ్ళి ఏం చేస్తాను, నా బదులు ఇంకెవరైనా వెళ్తే బాగుండేదేమో అనే ఆలోచన రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వదు.

ఇలాంటివాళ్ళు తక్కువేం కాదు. 1970లలో మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో అమెరికాలో చేసిన సర్వేల్లో సుమారు 40 శాతం మంది తాము బిడియస్తులమని చెప్పుకున్నారు. మీ బృందంలో గలగలా మాట్లాడే ఒకరిద్దరు కూడా లోపల ఇదే అవస్థ పడుతూ ఉండొచ్చు. బైబిల్లో పంపబడినవాళ్ళను చూసినా అంతే. మోషే తనకు మాట నేర్పు లేదన్నాడు (నిర్గమకాండము 4:10). యిర్మీయా తాను ఇంకా చిన్నవాడినన్నాడు (యిర్మీయా 1:6). కొరింథుకు వచ్చినప్పుడు భయంతోనూ వణుకుతోనూ ఉన్నానని పౌలే రాశాడు (1 కొరింథీ 2:3). భయం పూర్తిగా పోయాక పని మొదలుపెట్టినవాళ్ళు వీళ్ళలో ఒక్కరూ లేరు. భయంతోనే బయల్దేరారు. మోషేకైతే పక్కన అహరోను తోడు దొరికాడు. మీరూ అలాగే బయల్దేరవచ్చు. బిడియం ఉండగానే చేయగలిగిన చిన్న పనులు చాలా ఉన్నాయి. వాటిని సరైన వరుసలో చేసుకుంటూ పోవాలి.

మీది నిజంగా బిడియమేనా?

మూడు వేర్వేరు సంగతులను మనం ఒకే పేరుతో పిలిచేస్తుంటాం. కొంతమందికి మనుషులంటే భయం ఉండదు, కానీ ఎక్కువసేపు జనంలో ఉంటే అలిసిపోతారు. వాళ్ళకు కావలసింది విశ్రాంతి. ఇంకొంతమంది మామూలుగా బాగానే మాట్లాడతారు, కొత్త దేశంలో ఎలా పలకరించాలో, ఎక్కడ కూర్చోవాలో తెలియక బిగుసుకుపోతారు. వాళ్ళకు కావలసింది సమాచారం. ఆతిథ్యమిచ్చే సంఘంలోని ఒకరితో అరగంట వీడియో కాల్ మాట్లాడితే సగం తీరిపోతుంది. మూడోది అసలైన బిడియం: మాట్లాడాలని ఉంటుంది, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనన్న భయం నోరు నొక్కేస్తుంది. దీనికి మందు అభ్యాసమే. అది కూడా మెట్టు మెట్టుగా.

ఈ భయం ఎలా బలపడుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. ఎవరితోనైనా మాట్లాడాల్సి వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది. వెంటనే మన ధ్యాసంతా మనమీదికే మళ్ళుతుంది: నా గొంతు వణుకుతోందా, నా ముఖం ఎర్రబడిందా? అలా ఉండగా ఎదుటి మనిషి చెప్పేది చెవికెక్కదు, కాబట్టి నిజంగానే మాట తడబడుతుంది. అక్కడినుంచి తప్పుకోగానే హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆ హాయితోనే. తప్పుకున్నందువల్లే బతికిపోయామని మనసు నేర్చుకుంటుంది, తర్వాతిసారి ఇంకా ముందే తప్పుకోమంటుంది.

మిషన్ ట్రిప్‌లో ఈ తప్పుకోవడం మంచిపనిలా కనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం. ఎప్పుడూ ఫోటోలు తీస్తూ ఉండటం, సామాన్లు సర్దే పనే కోరుకోవడం, కూడిక అవగానే గిన్నెలు కడగడానికి వెళ్ళిపోవడం, గిటారు శ్రుతి చేస్తూ తల దించుకుని కూర్చోవడం. ఇవన్నీ అవసరమైన సేవలే. కానీ ఆ పని లేకపోతే మీకు ఊపిరాడదనిపిస్తే, దాన్ని మీరు అడ్డుతెరగా వాడుతున్నట్టు.

మన తడబాటు ఇతరులకు మనం అనుకున్నంతగా కనబడదు. 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనస్తత్వవేత్త టామ్ గిలోవిచ్, ఆయన సహచరులు విద్యార్థులకు కాస్త సిగ్గుపడాల్సిన బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, జనం ఉన్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించినవాళ్ళు నాలుగో వంతు కంటే తక్కువ.

ప్రయాణానికి ముందు ఎనిమిది వారాలు

ఒక కాగితం మీద మీకు భయం కలిగించే సందర్భాలన్నీ రాయండి. "జనంతో మాట్లాడటం" అని రాస్తే పనికిరాదు. ఎవరితో, ఎక్కడ, ఎంతసేపు అన్నది ఉండాలి. ఒక్కోదానికి పక్కన 0 నుంచి 10 దాకా భయం అంకె వేయండి. 3 దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ఒక నమూనా ఇది, మీ అంకెలను బట్టి మార్చుకోండి:

1. ఆరాధన అయ్యాక ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒకరిని పలకరించి పేరు అడగడం.
2. తర్వాతి వారం అదే మనిషిని పేరు పెట్టి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడటం.
3. ప్రార్థన కూడికలో నాలుగు వాక్యాలు పైకి ప్రార్థించడం.
4. ఇద్దరు స్నేహితుల ముందు ఒక్క నిమిషం సాక్ష్యం చెప్పడం.
5. మీ భాష రాని మనిషితో పదిహేను నిమిషాలు గడపడం.
6. యౌవనస్తుల కూడికలో మూడు నిమిషాల సాక్ష్యం చెప్పడం.
7. అదే సాక్ష్యం అనువాదకుడిని పక్కన పెట్టుకుని చెప్పడం.

ఒక్కో మెట్టును వారంలో మూడు నాలుగుసార్లు, సందర్భం దొరికినంతవరకు, మళ్ళీ మళ్ళీ చేయాలి. ఒకసారి చేసి "హమ్మయ్య, అయిపోయింది" అనుకుంటే లాభం లేదు. 6 ఉన్న భయం 3కి దిగాక పై మెట్టుకి వెళ్ళండి. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు మధ్యలో లేచిపోవద్దు. అది కాస్త దిగేదాకా అక్కడే ఉండండి, మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగుతుంది. దిగుతుందని ఒంటికి తెలియాలి, అభ్యాసం ఉద్దేశమే అది. ఒక మెట్టు మరీ ఎత్తుగా అనిపిస్తే వదిలేయకుండా మధ్యలో ఇంకో మెట్టు కట్టుకోండి. పదిమంది ముందు ప్రార్థించలేకపోతే ముగ్గురి ముందు, అదీ కష్టమైతే కాగితం చూసి చదువుతూ.

చాలామంది ఈ ఎనిమిది వారాలూ ప్రార్థనలో మాత్రమే గడిపి, అక్కడికెళ్ళాక ధైర్యం దానంతటదే వస్తుందని ఎదురుచూస్తారు. ప్రార్థించండి, తప్పకుండా ప్రార్థించండి. నోరు తెరిచినప్పుడు మాట దొరకాలని తనకోసం ప్రార్థించమని పౌలు ఎఫెసు సంఘాన్ని అడిగాడు (ఎఫెసీ 6:19). అయితే ఆ ప్రార్థన నోరు తెరవడం గురించినదని గమనించండి. ప్రార్థించిన రోజే ఒక మెట్టు ఎక్కడం అలవాటు చేసుకుంటే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

సాక్ష్యం, అనువాదకుడు

బిడియస్తులను ఎక్కువగా భయపెట్టేది ఇదే కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి. ఎప్పుడు అడుగుతారో తెలియదు. అడగకుండా ఉండరనేది మాత్రం దాదాపు ఖాయం. కాబట్టి ఒక్క నిమిషం సాక్ష్యం ఒకటి, మూడు నిమిషాలది ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

అమర్చుకునే తీరు అపొస్తలుల కార్యములు 26లో ఉంది. అగ్రిప్ప రాజు ముందు పౌలు ముందు తన పాత జీవితం, తర్వాత దమస్కు దారిలో యేసు తనకు కనబడిన సంగతి, ఆ తర్వాత తాను ఏం చేస్తున్నదీ చెప్పాడు. మీరూ ఆ మూడు భాగాలే చెప్పండి. అనువాదంతో మూడు నిమిషాలు ఆరేడు నిమిషాలవుతుందని గుర్తుంచుకోండి. ఇచ్చిన సమయం ఐదు నిమిషాలైతే మీ మాట రెండు నిమిషాలు దాటకూడదు.

సంఘంలో మనకు అలవాటైన మాటలు బయటివాళ్ళకూ, ఒక్కోసారి అనువాదకుడికీ అందవు. ఈ వాక్యం చూడండి: "పాపపు ఊబిలో కూరుకుపోయి లోకంలో తిరుగుతున్న నన్ను ప్రభువు తన రక్తంలో కడిగి, తన రెక్కల నీడలో దాచి, ఇంతవరకు నడిపించాడు." వినడానికి మనకు బాగానే ఉంటుంది. అనువాదకుడు సగంలో ఆగిపోతాడు, మీరు కంగారుపడతారు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. అదే సంగతిని ఇలా చెప్పవచ్చు:

నాకు చాలా కోపం ఉండేది.
ఇంట్లోవాళ్ళు నన్ను చూసి భయపడేవాళ్ళు.
ఒక స్నేహితుడు నాకు యేసు గురించి చెప్పాడు.
నేను చేసిన తప్పులకు క్షమాపణ ఉందని ఆరోజు నమ్మాను.
ఇంటికెళ్ళి మా అమ్మ దగ్గర క్షమాపణ అడిగాను.

ఒక్కో వాక్యం దానంతటదే పూర్తవుతోంది. ప్రతి వాక్యం తర్వాత ఆగవచ్చు. బిడియం ఉన్నవాళ్ళకు ఇందులో ఒక మేలుంది. అనువాదకుడు మాట్లాడుతున్న ఆ నాలుగైదు క్షణాలు మీకు ఊపిరి పీల్చుకునే సమయం. అనువాదంతో మాట్లాడటం మామూలుగా మాట్లాడటం కంటే కష్టమని అనుకుంటారు కానీ, ఈ కారణం వల్ల కొందరికి అదే తేలికగా ఉంటుంది.

మొత్తం బట్టీ పట్టొద్దు. బట్టీ పట్టిన మాటల్లో ఒకటి జారిపోతే మిగతాదంతా దాంతోపాటే పోతుంది, పైగా వాక్యానికోసారి ఆగాల్సి రావడం వల్ల జారిపోయే అవకాశం ఎక్కువ. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి. మధ్యలో భాగానికి అరచేతిలో పట్టే కార్డు మీద ఐదు మాటలు రాసుకోండి: కోపం, ఇల్లు, స్నేహితుడు, క్షమాపణ, అమ్మ. కార్డు చూసి మాట్లాడితే ఎవరూ తప్పుపట్టరు.

అనువాదకుడిని కూడిక మొదలయ్యేముందే కలవండి. వీలైతే ముందురోజే మీరు చెప్పబోయే బైబిలు వచనాలు, ఊళ్ళ పేర్లు, అంకెలు రాసివ్వండి. తన బైబిల్లో ఆ వచనం వెతికి పెట్టుకుంటాడు. మాట్లాడేటప్పుడు అనువాదకుడివైపు కాకుండా వింటున్నవాళ్ళవైపు చూడండి. "వాళ్ళకి చెప్పండి, నేను..." అని మొదలుపెట్టకుండా నేరుగా "నేను" అనండి. హాస్యం, సామెతలు, మాటలతో చమత్కారాలు వదిలేయండి. చాలావరకు ఇంకో భాషలోకి వెళ్ళవు, జనం నవ్వకపోతే బిడియస్తులు అక్కడే కుప్పకూలిపోతారు.

ఇరవై మాటలు నేర్చుకోండి

ఆ దేశపు భాషలో ఇరవై మాటలు చాలు. నమస్కారం, మీ పేరేమిటి, నా పేరు ఇది, థాంక్స్, క్షమించండి, బాగుంది, నాకు అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పండి, దీన్ని ఏమంటారు, మీ భాష నేర్చుకుంటున్నాను, మీకోసం ప్రార్థించమంటారా? వీటిని పుస్తకంలోంచి కాకుండా ఆ భాష మాట్లాడే మనిషి గొంతులో రికార్డు చేయించుకుని, రోజుకు పది నిమిషాలు పైకి పలకండి. మనసులో చదువుకుంటే సమయానికి నోరు తిరగదు.

"దీన్ని ఏమంటారు?" అన్న ఒక్క ప్రశ్నే మిగతావాటన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. కుర్చీ చూపించి అడగండి, చెట్టు చూపించి అడగండి. వాళ్ళు చెప్తారు, మీరు తప్పుగా పలుకుతారు, వాళ్ళు నవ్వి సరిదిద్దుతారు. ఆ నవ్వులో ఎగతాళి ఉండదు. ఎవరైనా తమ భాష నేర్చుకోవడానికి తంటాలు పడుతుంటే మనుషులకు ముచ్చటేస్తుంది. అవతలి మనిషి గురువయ్యాడు, మీరు శిష్యులయ్యారు. ఏదో నేర్పడానికి, ఇవ్వడానికి వచ్చామన్న బరువు దిగిపోతుంది, మాట్లాడాల్సిన భారం కూడా సగం వాళ్ళమీదికి వెళ్తుంది.

హాల్లోకి వెళ్ళిన మొదటి పది నిమిషాలు

గుమ్మం బయట ఒక్క నిమిషం ఆగండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లేదా ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. ఐదుసార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఒంట్లో దడ ఇంకా ఉంటే దాన్ని అణచాలని చూడకండి. 2014లో పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "నేను నిబ్బరంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళకంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళు బాగా మాట్లాడారు. దడ రెండింటికీ ఒకటే. దానికి పెట్టుకునే పేరు మీ చేతిలో ఉంది.

కాస్త ముందే వెళ్ళండి. నిండిన హాల్లోకి ఆలస్యంగా అడుగుపెట్టడం బిడియస్తులకు పెద్ద శిక్ష. పావుగంట ముందు వెళ్తే ఇద్దరో ముగ్గురో ఉంటారు, తర్వాత వచ్చేవాళ్ళు మీ దగ్గరికే వస్తారు. ఏదైనా పని అడిగి తీసుకోండి, కానీ మనుషులకు ఎదురుగా నిలబడే పని అయ్యుండాలి. గుమ్మం దగ్గర పాటల కాగితాలు పంచడం మంచిది, ప్రొజెక్టర్ వైర్లు సర్దడం మంచిది కాదు. కాగితం ఇస్తూ ప్రతి మనిషినీ ఒక మాట పలకరించాల్సి వస్తుంది, అదే మాట యాభైసార్లు అంటారు, పదోసారికి గొంతు సర్దుకుంటుంది.

తర్వాత ఒంటరిగా కూర్చున్న ఒక మనిషిని చూసుకోండి. ఎక్కడికెళ్ళినా ఒకరుంటారు. గుంపులోకి దూరడంకంటే ఒక్కరి దగ్గరికి వెళ్ళడం తేలిక, పైగా ఆ మనిషికి మీ రాక అవసరం. పక్కన కూర్చుని పేరు చెప్పండి, పేరు అడగండి, విన్న పేరును వెంటనే ఒకసారి తిరిగి పలకండి. చిన్న నోటుపుస్తకం తీసి, మీకు ఎలా వినబడిందో అలా మీ లిపిలో రాసుకోండి, సరిగా రాశానా అన్నట్టు మళ్ళీ చదివి వినిపించండి. ఈ రాసుకునే పని చేతులకు దొరికిన ఆసరా. ఎదుటి మనిషికేమో తన పేరు ఒకరు శ్రద్ధగా రాసుకున్నారన్న ఆనందం. రేపు ఆ పేరుతో పిలిస్తే సగం స్నేహం కుదిరిపోయినట్టే.

మాటలు అయిపోతే ఏం చేయాలన్నది ఇంకో భయం. కుటుంబం, పని, ఈ చోటుతో అనుబంధం: ఈ మూడింటి మీద ఒక్కో ప్రశ్న ముందే నేర్చుకుని ఉంచండి. ఫోనులో ఇంటివాళ్ళ ఫోటోలు నాలుగు విడిగా పెట్టుకోండి. వాటిలో ఆస్తిపాస్తులు కనబడకుండా మనుషులు మాత్రం ఉండేలా చూసుకోండి. ఫోటోలు చూపించాక ఫోను జేబులోకి వెళ్ళిపోవాలి. చేతిలో ఫోను ఉన్నంతసేపూ నాతో మాట్లాడకండి అని మీరు చెప్తున్నట్టే ఉంటుంది.

నిశ్శబ్దం వచ్చిందా, రానివ్వండి. చాలా సమాజాల్లో పక్కపక్కన మాట్లాడకుండా కూర్చోవడం కూడా మర్యాదే. కళ్ళలోకి చూసి మాట్లాడటం కొన్నిచోట్ల గౌరవం, కొన్నిచోట్ల పొగరు. స్త్రీ పురుషులు చేయి కలపడం, భుజం తట్టడం కూడా అంతే. ఈ మూడూ మొదటిరోజే ఆతిథ్యమిచ్చినవాళ్ళను అడిగేయండి. నాకు బిడియమని మీరు బాధపడే నెమ్మదితనం అక్కడ మంచి ప్రవర్తన అనిపించుకోవచ్చు, గట్టిగా నవ్వుతూ అందరి భుజాలూ తట్టే మీ సహచరుడే ఇబ్బంది పెడుతూ ఉండొచ్చు.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు

ఇద్దరిద్దరుగా వెళ్ళండి. యేసు తన శిష్యులను అలాగే పంపాడు (మార్కు 6:7). ఒకరు ఆ ఊరి విశ్వాసి అయితే ఇంకా మేలు. వెళ్ళేముందే పనులు పంచుకోండి: ఒకరు మాట మొదలుపెట్టాలి, ఇంకొకరు ప్రార్థన చేయాలి. తర్వాతి ఇంట్లో మార్చుకోండి. ఇలా పంచుకోకపోతే చొరవ ఉన్న మనిషే అన్ని ఇళ్ళలోనూ మాట్లాడతాడు, ట్రిప్ ముగిసేసరికి రెండో మనిషి నోరే విప్పి ఉండడు.

ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. దేనికోసం అని కూడా అడగండి. నాలుగు వాక్యాలు చాలు: ఈ ఇంటికోసం దేవునికి కృతజ్ఞత, ఇంట్లోవాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పిన అవసరం, శాంతి. "ప్రభువా, ఈ ఇంటికోసం నీకు వందనాలు. ఈ తల్లిని, ఈ ముగ్గురు పిల్లలను దీవించు. వీళ్ళ నాన్న మోకాలి నొప్పిని ముట్టి బాగుచెయ్యి. ఈ ఇంట్లో నీ సమాధానం ఉంచు. యేసు నామంలో, ఆమేన్." పొడవైన ప్రార్థన చేయలేనని బాధపడేవాళ్ళు ఇది గమనించాలి: అనువాదంలో వినేవాళ్ళకు గుర్తుండేది తమ పేరు, తమ అవసరం ఆ ప్రార్థనలో ఉండటం.

పిల్లల మధ్య బిడియం తొందరగా కరుగుతుంది. నేలమీద కూర్చుని వాళ్ళ ఎత్తుకు దిగండి, కాగితం మీద బొమ్మ మొదలుపెట్టండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే రోజంతా పిల్లలతోనే ఉండి పెద్దలకు ముఖం చాటేయకండి. పిల్లవాడితో ఒక్కరే గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు.

మరో సంగతి. కొన్ని దేశాల్లో బహిరంగంగా సువార్త చెప్పడం మీద, మతమార్పిడి మీద చట్టపరమైన ఆంక్షలున్నాయి. మీ వీసా దేనికి అనుమతిస్తుందో ముందే తెలుసుకోండి. అక్కడి సంఘ నాయకులు "ఇక్కడ మాట్లాడవద్దు" అంటే మాట్లాడవద్దు. మీరు వారం తర్వాత వెళ్ళిపోతారు, పర్యవసానం భరించేది వాళ్ళు. బిడియాన్ని జయించానని చూపించుకోవడానికి అది చోటు కాదు.

గొంతు ఆగిపోతే

మాట్లాడుతూండగా అంతా మర్చిపోయారనుకోండి. ఒక్క ఊపిరి తీసుకుని కార్డు చూడండి. అప్పటికీ రాకపోతే "ఒక్క క్షణం" అని అనువాదకుడితో అనండి, లేదా చివరి వాక్యం చెప్పి ముగించండి. అందుకే దాన్ని కంఠతా పట్టమన్నది. గొంతు వణికితే వణకనివ్వండి, ఆపాలని చూసేకొద్దీ పెరుగుతుంది. కాస్త నెమ్మదిగా, కాస్త గట్టిగా మాట్లాడితే మూడు నాలుగు వాక్యాల్లో సర్దుకుంటుంది. కంగారులో ఎక్కువ మాట్లాడేయడం కూడా బిడియమే. అలా జరుగుతోందని తోస్తే ఒక ప్రశ్న అడిగి వినడం మొదలుపెట్టండి.

అసలు గాయం రాత్రి పడుకున్నాక తగులుతుంది. పగలు జరిగినదంతా తిప్పి తిప్పి చూసుకుని, ప్రతి తడబాటునూ పెద్దది చేసుకోవడం బిడియస్తుల అలవాటు. దానికి ఒక హద్దు పెట్టండి. పుస్తకంలో మూడు లైన్లు రాసి మూసేయండి: ఏం జరుగుతుందని భయపడ్డాను, నిజంగా ఏం జరిగింది, రేపు ఎక్కే మెట్టు ఏది. మొదటి లైనుకూ రెండో లైనుకూ మధ్య తేడా నాలుగైదు రోజుల్లో మీకే కనబడుతుంది.

అలసటను తక్కువగా చూడకండి. సమయ మండలాలు దాటి వెళ్తే మొదటి రెండు మూడు రోజులు నిద్ర సరిగా ఉండదు, నిద్ర లేనప్పుడు బిడియం రెట్టింపవుతుంది. ఆ రోజుల్లో పెద్ద మెట్లు ఎక్కొద్దు. వెళ్ళిన దేశపు పగలే మీ పగలనుకుని, పొద్దున ఎండలో నడవండి, మధ్యాహ్నం కునుకు అరగంట దాటకుండా చూసుకోండి. రోజులో అరగంట ఒంటరిగా ఉండే వీలు నాయకుడిని ముందే అడగండి. చెప్పకుండా మాయమైతే అలిగారనుకుంటారు.

బృందాన్ని నడిపించేవాళ్ళకు

"తిమోతి వచ్చినప్పుడు మీ దగ్గర భయం లేకుండా ఉండేలా చూసుకోండి" అని తన యువ సహచరుడైన తిమోతి గురించి పౌలు కొరింథువాళ్ళకు రాశాడు (1 కొరింథీ 16:10). ఆ బాధ్యతను చుట్టూ ఉన్నవాళ్ళమీద పెట్టాడు. బిడియస్తులను ఉన్నపళంగా వేదిక మీదికి పిలిచి మైకు చేతికిస్తే ధైర్యం వస్తుందని కొందరు నాయకులు గట్టిగా నమ్ముతారు. అది తప్పు. ఒకసారి అలా జరిగితే ఆ మనిషి మిగతా రోజులన్నీ తర్వాతి పిలుపు ఎప్పుడోనన్న బెంగతోనే గడుపుతాడు. కనీసం ఒకరోజు ముందు చెప్పండి. ఎన్ని నిమిషాలో, ఎవరి తర్వాతో, అనువాదకుడు ఎవరో కూడా చెప్పండి.

"ఈ అమ్మాయికి కాస్త సిగ్గండీ" అని పరిచయం చేయకండి. ఆ ముద్ర పడితే ఎవరూ పలకరించరు, ఆమెకూ దానిలోంచి బయటికి రావడం కష్టం. బాగా మాట్లాడినప్పుడు అందరి ముందు చప్పట్లు కొట్టించడం కూడా ఇబ్బందే. పక్కకు పిలిచి ఫలానా మాట బాగా చెప్పావని ఒక్క వాక్యం చెప్తే అది నిలుస్తుంది. సాయంత్రం సమావేశంలో ఒకరి తర్వాత ఒకరు చెప్పే పద్ధతి పెట్టండి, లేదంటే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు. భోజనాల దగ్గర బృందమంతా ఒకే బల్లకు చేరుతుంటే విడగొట్టి స్థానికుల మధ్య కూర్చోబెట్టండి, ఒక్కో బల్లకు ఇద్దరు చొప్పున.

బిడియాన్ని మించినదైతే

మాట్లాడాలనగానే వాంతులవడం, ఊపిరాడక చచ్చిపోతామేమోనన్నంత భయం రావడం, చదువు, ఉద్యోగం, ఆరాధన కూడా మానేసేంతగా నెలల తరబడి మనుషులను తప్పించుకోవడం ఉంటే అది మామూలు బిడియం కాకపోవచ్చు. సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అనే సమస్యకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది, కొందరికి మందులూ అవసరమవుతాయి. విశ్వాసం తక్కువై వచ్చిన జబ్బు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే డాక్టరును కలవండి. వాడుతున్న మందులను ట్రిప్ కోసమని మానేయొద్దు, కొత్త మందును మొదటిసారి విదేశంలో వేసుకోవద్దు. ప్రయాణం పొడవునా సరిపడా మాత్రలు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలో పెట్టుకోండి. ఆ దేశంలోకి ఆ మందు తీసుకెళ్ళడానికి అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోండి. టీమ్ లీడరు ఒక్కరికైనా విషయం చెప్పి ఉంచండి. ఈ ఏడాది వెళ్ళకుండా వచ్చే ఏడాది వెళ్ళడం మంచిదని డాక్టరు అంటే వినండి.

తిరిగొచ్చాక వారంలోపు, నోటుపుస్తకంలో ఉన్న పేర్లలో ముగ్గురికి పేరుపేరునా మెసేజ్ పంపండి. సంఘంలో బృందాన్ని రిపోర్టు చెప్పమంటే, మిమ్మల్ని ఎవరో అడగకముందే రెండు నిమిషాలు మీరు తీసుకోండి. ఆ ఆదివారం ఆరాధనకు ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఒక మూల ఒంటరిగా కూర్చుంటే, వాళ్ళ పేరు అడగాల్సింది మీరే.